కల్లోలానికీ లయకూ నడుమ

గాలి కదలని గదిలో ఒక కొవ్వొత్తి వెలిగిస్తే దాని జ్వాల నిలకడగా ఉంటుంది. అలాంటివే మూడు నాలుగు దగ్గరగా చేర్చి కట్టి వెలిగిస్తే మంటలన్నీ ఒక్కటవుతాయి. అప్పుడా పెద్ద జ్వాల పైకీ కిందికీ కొట్టుకోవడం మొదలుపెడుతుంది, సెకనుకు సుమారు పదిసార్లు. దీనికి కారణం ఒత్తిలో లేదు, మైనంలోనూ లేదు. వేడెక్కి తేలికైన వాయువు పైకి ఎగబాకుతుంటే చుట్టూ ఉన్న చల్లని గాలితో ఒరుసుకుని వలయాకారపు సుళ్లు పుడతాయి. ఒక్కో సుడి పైకి సాగుతూ జ్వాల నడుమును నొక్కుతుంది, కొసను తెంపుతుంది. తెగిన జ్వాల పొట్టిదవుతుంది, మళ్లీ పెరుగుతుంది, మళ్లీ తెగుతుంది. బయటినుంచి ఎవరూ ఊపకుండానే, తన ఇంధనాన్ని ఖర్చుపెట్టుకుంటూ తన లయను తానే నిలుపుకొనే డోలకం ఇది. ఇలాంటి రెండు కట్టలను పక్కపక్కన పెడితే ఏమవుతుందో 2009లో జపాన్‌లో కితాహతా, ఆయన సహచరులు కొలిచారు. బాగా దగ్గరగా ఉంటే రెండు జ్వాలలూ ఒకేసారి లేచి ఒకేసారి తగ్గాయి; కాస్త ఎడం చేస్తే ఒకటి లేచినప్పుడు రెండోది తగ్గింది. మొదటిది సమదశ, రెండోది వ్యతిరేక దశ. 2018లో చెన్నైలోని ఐఐటీ మద్రాస్ ఏరోస్పేస్ ఇంజనీరింగ్ విభాగం నుంచి మనోజ్, సమాధాన్ పవార్, ఆర్.ఐ. సుజిత్ ‘సైంటిఫిక్ రిపోర్ట్స్’ పత్రికలో ప్రచురించిన ప్రయోగం ఈ రెండింటి నడుమ ఉన్న సందును పరిశీలించింది. కొన్ని అమరికల్లో, సమదశ పోయి వ్యతిరేక దశ ఇంకా రాని ఆ కొద్దిపాటి దూరంలో, రెండు జ్వాలలూ కొట్టుకోవడం మానేశాయి. ఆరిపోలేదు, కదలకుండా వెలుగుతూ ఉండిపోయాయి. విడిగా పెడితే ఆ రెండు కట్టల్లో ఏదైనా కొట్టుకునేదే. కలిపి పెడితే ఒకదాన్నొకటి శాంతింపజేశాయి. దూరం ఇంకా పెంచితే వ్యతిరేక దశ వచ్చింది, ఆపైన దేని లయ దానిదైంది.

ఈ అధ్యాయంలో నేను వాదించదలచుకున్నది ఆ సందు గురించే. లయలు కలవడం గురించి రాసేటప్పుడు సాధారణంగా రెండు కొసలనే చూపిస్తాం: ముందు చెల్లాచెదురు, తర్వాత ఒకే లయ. నడుమ జరిగేదాన్ని మార్పు సమయంలో తప్పని గందరగోళంగానో, కొలతలో చేరిన రొదగానో పక్కన పెట్టేస్తాం. చెన్నైలోనూ బయటా ఇటీవలి సంవత్సరాల్లో జరిగిన పనిని చూస్తే ఆ అలవాటు సరికాదని తేలుతుంది. కల్లోలానికీ లయకూ నడుమ ఉన్నది తనకంటూ ఒక నిర్మాణం గల స్థితి. రాబోయేది ముందుగా తెలిసేది అక్కడే, జోక్యం చేసుకుంటే ఫలితం దక్కేదీ ఎక్కువగా అక్కడే. ఈ మాటకు ఆధారాలు జ్వాలల్లో ఉన్నాయి, గర్భాశయ కండరంలో ఉన్నాయి, మన ఇళ్లకు వచ్చే కరెంటులోనూ ఉన్నాయి.

ముందుగా లయ కలవడం అంటే ఏమిటో కచ్చితంగా చెప్పుకోవాలి. 1665 ఫిబ్రవరిలో డచ్ శాస్త్రవేత్త క్రిస్టియాన్ హైగెన్స్ జబ్బుపడి మంచం మీద ఉండగా, ఒకే ఆధారానికి వేలాడదీసిన తన రెండు లోలక గడియారాలు సరిగ్గా ఎదురెదురుగా ఊగుతున్నాయని గమనించాడు. కావాలని చెదరగొట్టినా అరగంటలోపు మళ్లీ అదే స్థితికి వచ్చేవి. గాలి కారణమేమోనని మొదట అనుకున్నాడు. నడుమ పలక అడ్డుపెట్టినా ఏమీ మారలేదు. రెండింటినీ మోస్తున్న దూలం కంటికి ఆనని పాటి కదులుతూ ఒకదాని ఊపును రెండోదానికి చేరవేస్తోందని చివరికి తేల్చాడు. ఇక్కడ గమనించవలసిన షరతులు మూడు. ప్రతి గడియారానికీ తన సొంత శక్తి, సొంత లయ ఉన్నాయి. ఆ లయల మధ్య తేడా చాలా స్వల్పం. వాటి మధ్య బంధం బలహీనం, కానీ ఇరువైపులా పనిచేస్తుంది. పాఠశాలలో చదువుకున్న అనునాదానికీ దీనికీ పోలిక పైపైనే ఉంటుంది. అనునాదంలో తనకంటూ శక్తి లేని వస్తువు బయటి బలానికి లొంగి కంపిస్తుంది. ఆ బలం ఆగితే కంపనం చచ్చిపోతుంది. లయలు కలిసినప్పుడు నాయకుడెవరూ ఉండరు, ఎవరి కంపనం వారిదే. కాలం విషయంలో మాత్రం ఒకరికొకరు సర్దుకుంటారు. ఈ తేడా పట్టుకోకపోతే ముందుముందు చెప్పబోయేదంతా అనునాదంలాగే కనబడి, అసలు విషయం జారిపోతుంది.

గడియారం క్రమశిక్షణ గల వస్తువు. అస్తవ్యస్తంగా ప్రవర్తించేవాటి సంగతేమిటి? కేయాస్ అని పేరుపడ్డ వ్యవస్థల్లో నియమాలు స్థిరంగానే ఉంటాయి, వాటిలో పాచికలాట ఏమీ లేదు. అయినా ఆరంభంలో వెంట్రుకవాసి తేడా ఉంటే చాలు, కొద్దిసేపట్లో రెండు దారులూ పూర్తిగా విడిపోతాయి. అలా విడిపోవడమే స్వభావమైనవి ఒకదానితో ఒకటి నడక కలుపుతాయని అనుకోవడం కష్టం. 1990లో అమెరికా నౌకాదళ పరిశోధనశాలలోని లూయీ పెకోరా, థామస్ కారల్ తగిన సంకేతంతో జతచేస్తే రెండు కేయాటిక్ వ్యవస్థలు అచ్చం ఒకేలా నడవగలవని చూపారు. 1996లో రోజెన్‌బ్లూమ్, పికోవ్‌స్కీ, కుర్త్స్ ఇంకా సున్నితమైన సంగతి బయటపెట్టారు. బంధం బలహీనంగా ఉన్నప్పుడు రెండు వ్యవస్థల దశలు మాత్రమే, అంటే ఏ క్షణంలో ఏది తన ఊపులో ఎక్కడుందన్నది మాత్రమే, ముడిపడతాయి. కంపన పరిమితులు మాత్రం దేనికవి ఇష్టం వచ్చినట్టు మారుతూనే ఉంటాయి. అంటే లయ కలవడంలో మెట్లున్నాయి. కాలం ముందు కలుస్తుంది, పరిమాణం తర్వాత కలుస్తుంది. జపాన్ శాస్త్రవేత్త యోషికి కురమోతో 1975లో ప్రతిపాదించిన, ఇంతకంటే సరళమైన నమూనాలో కూడా ఇలాంటిదే ఉంది. వేర్వేరు సహజ లయలు గల డోలకాల గుంపులో బంధం ఒక హద్దు దాటే వరకు సమూహ లయ అసలు పుట్టదు. దాటిన వెంటనే కూడా అందరూ కలవరు. సగటుకు దగ్గరగా ఉన్నవి ముడిపడతాయి, దూరంగా ఉన్నవి తమ దారిన తాము తిరుగుతుంటాయి. సగం కలిసిన స్థితి సిద్ధాంతంలో మొదటినుంచీ ఉంది. తమిళనాడులోనే తిరుచ్చిలో, భారతీదాసన్ విశ్వవిద్యాలయంలో, ఎం. లక్ష్మణన్ బృందం ఈ రకం ప్రశ్నల మీద దశాబ్దాలుగా పనిచేస్తోంది. కాగితం మీది ఈ సిద్ధాంతం వేలాది డిగ్రీల మంటలో, సుళ్లు తిరిగే ప్రవాహంలో నిలబడుతుందా అన్న పరీక్ష మాత్రం ఎక్కువగా చెన్నైలో జరిగింది.

రాకెట్ ఇంజనులోనూ, విద్యుత్కేంద్రంలోని గ్యాస్ టర్బైన్‌లోనూ ఒక దహనగది ఉంటుంది. అందులో మండే మంట స్థిరంగా వేడినివ్వదు, కొద్దిగా హెచ్చుతగ్గులవుతుంది. ఆ హెచ్చుతగ్గులు గదిలో ధ్వని తరంగాలను పుట్టిస్తాయి. తరంగాలు గోడలకు కొట్టుకుని తిరిగొచ్చి మంటను కదిలిస్తాయి. ఇలా ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకుంటే పీడనం ప్రమాదకరంగా ఊగడం మొదలవుతుంది. ఏ పరిస్థితిలో ఇది పెరుగుతుందో లార్డ్ రాలీ 1878లోనే చెప్పాడు: పీడనం ఎక్కువగా ఉన్న క్షణంలో వేడి ఎక్కువగా విడుదలైతే కంపనానికి శక్తి చేరుతుంది, పీడనం తక్కువగా ఉన్నప్పుడు విడుదలైతే శక్తి తరుగుతుంది. ఉయ్యాలను సరైన క్షణంలో తోస్తే ఎత్తు పెరగడమూ, ఎదురొచ్చేటప్పుడు తోస్తే తగ్గడమూ ఇలాంటివే. ఈ చిన్న సూత్రం వెనుక ఉన్న ప్రమాదం ఎంతదో అపోలో యాత్రల కోసం తయారైన ఎఫ్-1 ఇంజను చూపింది. 1960ల మొదట్లో ఆ ఇంజనులు పరీక్ష వేదిక మీదే ఈ కంపనాలకు బద్దలయ్యాయి. చివరికి సుమారు 2000 పూర్తిస్థాయి పరీక్షలు చేసి, మండుతున్న గదిలో చిన్న బాంబులు పేల్చి కంపనం ఎంత త్వరగా అణగుతుందో చూసి, ఇంధనం చిమ్మే పలక మీద అడ్డుగోడలు అమర్చి గండం గట్టెక్కారు. చికిత్స దొరికింది కానీ రోగం ఎలా మొదలవుతుందో పూర్తిగా అర్థం కాలేదు. ఆ తర్వాతి దశాబ్దాల్లో నైట్రోజన్ ఆక్సైడ్ల కాలుష్యం తగ్గించడానికి గ్యాస్ టర్బైన్లను తక్కువ ఇంధనం, ఎక్కువ గాలితో నడపడం మొదలయ్యాక సమస్య తిరిగి పైకొచ్చింది. పలచని మిశ్రమంలో మండే మంట చిన్న కదలికకు కూడా చలిస్తుంది. గాలిని శుభ్రంగా ఉంచాలన్న మంచి ఉద్దేశమే ఇంజనును కంపనాల అంచుకు నెట్టింది.

ఐఐటీ మద్రాస్ ప్రయోగశాలలోని దహనగదిలో ఎల్పీజీ గ్యాసు మండిస్తారు. గాలి ప్రవాహాన్ని మెట్టుమెట్టుగా పెంచుతూ గోడకు అమర్చిన పరికరాలతో పీడనాన్ని, మంట వెలుగు ద్వారా విడుదలయ్యే వేడిని, వేగంగా చిత్రాలు తీసే కెమెరాతో మంట రూపాన్ని ఒకేసారి నమోదుచేస్తారు. ప్రవాహం తక్కువగా ఉన్నప్పుడు వినిపించేది సన్నని హోరు మాత్రమే. దహన నిపుణులు చాలాకాలం దీన్ని ఉత్త రొదగా లెక్కించారు. సుజిత్ బృందంలో వినీత్ నాయర్ తదితరులు 2013లో ప్రచురించిన విశ్లేషణ ఆ హోరులో కేయాస్ లక్షణాలున్నాయని, ప్రమాదం దగ్గరపడేకొద్దీ ఆ కేయాస్ తరిగిపోతుందని చూపింది. ఆరోగ్యంగా నడుస్తున్న దహనగదిలో ఉండేది క్రమరాహిత్యం. ప్రమాదంలో పడినదానిలో కనబడేది చక్కటి క్రమం. మన సహజ భావనకు ఇది తలకిందులు. 2014లో వచ్చిన మరో పత్రం ఇంకా ముఖ్యమైనది. హోరు నుంచి ఏకస్వరపు గర్జనకు వ్యవస్థ ఒక్క గెంతులో పోవడం లేదు. నడుమ ఒక దశ ఉంది: అస్తవ్యస్తమైన సన్నని కంపనాల మధ్య ఉన్నట్టుండి కాసేపు క్రమబద్ధమైన పెద్ద కంపనాలు విజృంభిస్తాయి, అణగిపోతాయి, మళ్లీ ఎప్పుడో చెప్పలేని క్షణంలో విజృంభిస్తాయి. గాలి ప్రవాహం పెరిగేకొద్దీ ఈ విజృంభణలు పొడవవుతాయి, వాటి నడుమ విరామాలు కురచనవుతాయి, చివరికి విరామమే లేని గర్జన మిగులుతుంది.

ఈ దశలో జరుగుతున్నదేమిటన్న ప్రశ్నకు జవాబు 2017లో పవార్, సుజిత్ తదితరులు ‘జర్నల్ ఆఫ్ ఫ్లూయిడ్ మెకానిక్స్’లో ప్రచురించిన పరిశోధనలో వచ్చింది. వాళ్లు గదిలోని ధ్వనిని ఒక డోలకంగా, సుళ్లతో కూడిన మంటను మరో డోలకంగా తీసుకున్నారు. రెండూ ఒకే వ్యవస్థలో భాగాలని మొదటే ముద్రవేయకుండా, రెండింటి దశలనూ విడివిడిగా కొలిచి పోల్చారు. హోరు ఉన్నప్పుడు వాటి దశలకు పొంతన లేదు. విజృంభణలు మొదలయ్యాక, సరిగ్గా ఆ విజృంభణ కాలంలోనే దశలు ముడిపడుతున్నాయి, అది అణగగానే విడిపోతున్నాయి. తర్వాతి మెట్టులో దశలు శాశ్వతంగా కలిశాయి కానీ కంపన పరిమితులు ఇంకా కలవలేదు. ప్రవాహం ఇంకా పెంచితే అవీ కలిశాయి, కంపనం ఒక్కసారిగా బలపడింది. కాలం ముందు, పరిమాణం తర్వాత అని సిద్ధాంతం చెప్పిన మెట్ల వరుసే నిప్పులో కనబడింది. అదే ఏడాది మొండల్, ఉన్ని, సుజిత్ కెమెరా చిత్రాలతో మంటను చిన్నచిన్న ప్రాంతాలుగా విడగొట్టి, ప్రతి ప్రాంతపు దశనూ గదిలోని పీడనంతో పోల్చారు. నడిమి దశలో మంటలో కొన్ని ప్రాంతాలు ధ్వనితో లయ కలిపాయి, పక్కనే ఉన్నవి కల్లోలంగానే ఉన్నాయి. రెండూ ఒకే క్షణంలో, ఒకే మంటలో. ఇలాంటి మిశ్రమ స్థితిని 2002లో కురమోతో, బత్తోగ్‌తోఖ్ సమీకరణాల్లో కనుగొన్నారు. 2004లో ఎబ్రమ్స్, స్ట్రోగాట్జ్ దానికి గ్రీకు పురాణాల్లోని పలు జంతువుల కలగలుపు జీవి పేరు మీదుగా కైమీరా అని పేరుపెట్టారు. ఒకేలాంటి డోలకాలు, ఒకేలాంటి బంధాలు, అయినా సగం కలిసి సగం కలవకుండా నిలబడటం అందులో వింత. ప్రమాదం మొదలయ్యే ముందు దహనగదిలో ఉండేది దాదాపు ఇదే.

దీనికి వచ్చే అభ్యంతరాలు తేలికైనవి కావు. రాలీ సూత్రం ఉండగా ఈ కొత్త పరిభాష ఎందుకన్నది మొదటిది. వేడికీ పీడనానికీ కాలం కుదరాలని ఆయన చెప్పనే చెప్పాడు కదా! నిజమే, కానీ ఆయన చెప్పింది కుదిరితే ఏమవుతుందో మాత్రమే. వేలాది సుళ్లతో నిండిన మంట, దేనికది పోయే ప్రవాహం, ఒక ధ్వని తరంగంతో ఎలా కుదురుతుంది, ఏ వరుసలో కుదురుతుంది అన్న ప్రశ్న ఆ సూత్రంలో లేదు. దశల మధ్య ముడి ఎప్పుడు పడుతోందో, ఎప్పుడు వీడుతోందో, ఎక్కడ పడుతోందో చూపే కొలమానం దొరికాకే ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగారు. రెండో అభ్యంతరం కైమీరా అన్న పేరు మీద. అసలు నిర్వచనంలో డోలకాలన్నీ ఒకేలాంటివి. మంటలో ఒక మూల మరో మూలలాంటిది కాదు, కొన్ని చోట్ల కలిసి కొన్ని చోట్ల కలవకపోవడంలో వింతేముంది? ఇది న్యాయమైన అభ్యంతరం. పరిశోధకులు కూడా దాన్ని కైమీరా అని కాక, కైమీరాను పోలిన స్థితి అనే రాశారు. పేరును కచ్చితంగా వాడాలని పట్టుబట్టేవారితో నేను ఏకీభవిస్తాను. ఆ పేరు తీసేసినా కొలత నిలిచే ఉంటుంది. సమానమైన డోలకాలతోనే చూపమంటే కొవ్వొత్తుల దగ్గరికి వెళ్లాలి. 2019లో ఇదే బృందం కుర్త్స్ తదితరులతో కలిసి నాలుగు జ్వాలలను దీర్ఘచతురస్రంగా అమర్చి, కొన్ని కలిసి కొన్ని విడిగా ఉండే స్థితులను ప్రయోగంలో చూపింది. మూడో అభ్యంతరం అన్నిటికంటే బలమైనది: ముందు హెచ్చరిక ప్రతిసారీ ఉంటుందా? ఉండదు. సుళ్లు లేని సాఫీ ప్రవాహంలో, ఉదాహరణకు వేడి జాలి అమర్చిన గొట్టంలో, వ్యవస్థ నిశ్శబ్దం నుంచి గర్జనకు ఒక్కసారిగా గెంతగలదు. కల్లోల ప్రవాహంలో కూడా పరిస్థితులను మరీ వేగంగా మార్చితే హెచ్చరిక చదివేలోపే ప్రమాదం వచ్చేస్తుంది. నడిమి స్థితి ఉన్నచోట దాన్ని చదవాలన్నదే నా వాదన. అది లేనిచోట ఉందని ఊహించుకోవడం ప్రమాదకరం.

నిజమైన ఇంజనులో ఈ చదువు ఏ పనికొస్తుందో కూడా తేలింది. కంపన పరిమితి పెరిగాక మోగే గంట ఆలస్యంగా మోగే గంట. అప్పటికే లోహం దెబ్బతింటూ ఉంటుంది. విజృంభణల తరచుదనం, సంకేతంలో క్రమం పెరిగే తీరు లాంటి కొలమానాలు గర్జన రాకముందే మారతాయి. ఇక జోక్యం. 2021లో ఐఐటీ మద్రాస్ నుంచి కృష్ణన్, సుజిత్, జర్మనీలోని మార్వాన్, కుర్త్స్ కలిసి ప్రచురించిన పని దహనగదిలోని సుళ్ల మధ్య సంబంధాలను ఒక వలయజాలంగా గీసి, అందులో అన్నిటికంటే ఎక్కువ సంబంధాలున్న చోటు ఏదో కనుక్కుంది. సరిగ్గా ఆ చోట సన్నని గాలి ధారలు చొప్పిస్తే కంపనం అణగింది. గదినంతా మార్చే పని లేకుండా, లయ అల్లుకుంటున్న ముడి దగ్గర చిన్న ఆటంకం సరిపోయింది. విడివిడిగా కంపించే రెండు గొట్టాలను మరో గొట్టంతో కలిపి రెండింటి కంపనాన్నీ చంపడమూ సాధ్యమైంది. 2015లో జపాన్‌లో బివా బృందం, తర్వాత చెన్నై బృందం దాన్ని ప్రయోగాల్లో చూపాయి. పక్కపక్కన పెట్టిన రెండు ఆర్గన్ గొట్టాలు ఒకదాన్నొకటి దాదాపు మౌనంలోకి నెట్టగలవని రాలీ తన కాలంలోనే గమనించాడు. నూటయాభై ఏళ్లనాటి ఆ పరిశీలన నేడు ఇంజను రక్షణ సూత్రంగా మారుతోంది.

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి లయ కలవడం ఎప్పుడూ శత్రువేనని ఎవరికైనా అనిపిస్తే అది తప్పు. చెన్నైలోనే, ఐఐటీకి ఎంతో దూరం లేని తరమణిలో, 1962లో అల్లాడి రామకృష్ణన్ స్థాపించిన గణితశాస్త్రాల సంస్థ ఉంది. అక్కడి సితాభ్ర సిన్హా, రాజీవ్ సింగ్, ఫ్రాన్స్ శాస్త్రవేత్తలతో కలిసి 2012లో ‘ఫిజికల్ రివ్యూ లెటర్స్’లో గర్భాశయ కండరం గురించి రాశారు. గుండెలో లయను నడిపే ప్రత్యేక కణాలున్నాయి. గర్భాశయంలో అలాంటి నాయక కణాలేవీ ఇంతవరకు దొరకలేదు. అయినా కాన్పు సమయంలో కండరమంతా ఒక్కటై ముడుచుకుంటుంది. ఎలా? ప్రసవం దగ్గరపడేకొద్దీ కణాల మధ్య విద్యుత్ సంకేతాలు దాటే సన్నని దారులు బాగా పెరుగుతాయని ముందునుంచీ తెలుసు. ఈ పరిశోధకుల నమూనాలో ప్రేరణ వస్తే స్పందించే కండర కణాలూ, తమంతట స్పందించని కణాలూ కలిసి ఉన్నాయి. విడిగా ఏ కణమూ డోలించదు. బంధం పెంచితే మాత్రం డోలనం దానంతటది పుడుతుంది. మొదట చెల్లాచెదురు గుంపులుగా, ఒక్కో గుంపు ఒక్కో లయతో, తర్వాత గుంపులు కలిసి ఒకే లయతో, చివరికి కణజాలమంతా. ఇక్కడ కూడా నడుమ ఒక దశ ఉంది, అక్కడక్కడ కలిసి అక్కడక్కడ కలవని దశ. నెలలు నిండుతున్న తల్లులకు వచ్చే దొంగ నొప్పులను ఈ బొమ్మతో పోల్చి ఆలోచించడం ఆసక్తికరమే గాని, నమూనా నుంచి ప్రసూతి గదికి దారి ఇంకా పొడవుగా ఉంది.

గుండె మరో రకంగా పాఠం చెబుతుంది. ఆరోగ్యంగా ఉన్న గుండెలో విద్యుత్ అల ఒక చోట పుట్టి కండరమంతా సాఫీగా సాగి ఆగిపోతుంది. ఏ కారణంతోనైనా ఆ అల మధ్యలో తెగితే తెగిన కొస చుట్టూ చుట్టుకుని సర్పిలమవుతుంది. సర్పిలానికి ఆగడం తెలియదు, తన తోకను తానే రగిలిస్తూ తిరుగుతుంది. అది ముక్కలై అనేక సర్పిలాలైతే గుండె కండరం ఎక్కడికక్కడ వణుకుతుంది, రక్తం ముందుకు సాగదు, నిమిషాల్లో ప్రాణం పోతుంది. ఇక్కడ కల్లోలమే మృత్యువు. దహనగదిలో కల్లోలం ఆరోగ్యం, గుండెలో కల్లోలం చావు. అందుకే క్రమం మంచిదా, క్రమరాహిత్యం మంచిదా అన్న ప్రశ్నను అందరికీ కలిపి అడగడంలో అర్థం లేదు. ఏది దేనితో ముడిపడుతోంది, ఆ ముడి ఎంత విస్తరిస్తోంది అన్న ప్రశ్న మాత్రం అన్నిచోట్లా పనికొస్తుంది. సిన్హా 2001లో పాండే, రాహుల్ పండిత్‌లతో కలిసి బెంగళూరు నుంచి ప్రచురించిన పనిలో ఆ సర్పిలాల గందరగోళాన్ని, కణజాలమంతటికీ గట్టి షాకు ఇవ్వకుండా, ఒక గడుల వలలాంటి అమరికలో బలహీనమైన ప్రేరణతో చెరపవచ్చని కంప్యూటర్ నమూనాలో చూపారు. చిన్న జోక్యం సరైన చోట అన్న సూత్రమే అక్కడా పనిచేసింది.

ఇక తెలుగు పాఠకులకు బాగా దగ్గరి ఉదాహరణ. విద్యుత్ వ్యవస్థలో ప్రతి జనరేటరూ ఒక డోలకమే. ఒకే గ్రిడ్‌లో ఉన్నవన్నీ తీగల ద్వారా ఒకదాన్నొకటి లాగుతూ సెకనుకు 50 ఆవర్తనాల దగ్గర లయ కలిపి తిరుగుతాయి. వాటి సమీకరణం కురమోతో సమీకరణానికి దగ్గరిది. 2012 జూలై 30న ఉత్తర గ్రిడ్ కుప్పకూలింది. మర్నాడు ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడూ కూలి అరవై కోట్ల మందికి పైగా చీకట్లో మిగిలారు. చెన్నై, హైదరాబాద్, విశాఖపట్నంలో దీపాలు ఆరలేదు. దక్షిణ గ్రిడ్ అప్పటికి మిగతా దేశంతో లయ కలిపి లేదు. గాజువాక దగ్గర, మహారాష్ట్రలోని చంద్రపూర్ దగ్గర, తాల్చేర్–కోలార్ లైనులో ఏకముఖ విద్యుత్తు వంతెనలు ఉండేవి. వాటి గుండా శక్తి దాటుతుంది గాని దశ దాటదు. అటువైపు లయ చెదిరినా ఇటువైపుకు ఆ చెదురు రాలేదు. ఏడాదిన్నర తిరగకుండానే, 2013 డిసెంబర్ 31న, రాయచూర్–సోలాపూర్ 765 కిలోవోల్టుల లైనుతో దక్షిణ గ్రిడ్‌ను మిగతా దేశంతో కలిపారు. విడిగా ఉండటం మనల్ని కాపాడినప్పుడు ఎందుకు కలిశామని అడిగేవారున్నారు. వంతెనల గుండా రాగలిగే శక్తికి పరిమితి ఉంది, దక్షిణాదికి కరెంటు కొరత ఉంది. పైగా ఎక్కువ జనరేటర్లు కలిసి తిరిగితే ఒక కేంద్రం హఠాత్తుగా ఆగినా లయ పడిపోయేది కొద్దిగానే. కలవడం సరైన నిర్ణయమేనని నా అభిప్రాయం. దానికి చెల్లించే మూల్యమేమిటంటే, ఒక మూల పుట్టిన కుదుపు ఇప్పుడు అలలా దేశమంతా సాగగలదు.

ఆ అలను చూడాలంటే వోల్టేజీ ఎంతుందో మాత్రమే చూస్తే చాలదు. ఒక్కో ఊరి దశ మరో ఊరి దశతో ఎలా ఉందో చూడాలి. దశను సెకనుకు పదులసార్లు కొలిచి, ఉపగ్రహ సమయంతో ముద్రవేసి పంపే పరికరాలు 2012 తర్వాత మన గ్రిడ్‌లో విస్తృతంగా వచ్చాయి. దహనగదిలో మంట ముక్కల దశను పోల్చిన పద్ధతే వందల కిలోమీటర్ల తీగల మీద జరుగుతున్నదని చెప్పవచ్చు. ఎండతోనూ గాలితోనూ నడిచే కేంద్రాలు పెరిగేకొద్దీ ఈ కొలత అవసరం మరింత పెరుగుతుంది, ఎందుకంటే సౌర పలకకు తిరిగే బరువు లేదు. గ్రిడ్ కుదుపును తన జడత్వంతో భరించే శక్తి దానికి సహజంగా ఉండదు. అనంతపురం, కర్నూలు జిల్లాల సౌర పార్కులను, తమిళనాడు గాలిమరలను ఒకే లయలో నిలపవలసిన ఇంజనీర్లకు అనునాదం పాఠం ఒక్కటే సరిపోదు. సొంత లయ గల రెండు వ్యవస్థలు ఎలా ముడిపడతాయో, ముడిపడే ముందు ఎలా తడబడతాయో వాళ్లకు డిగ్రీ తరగతిలోనే చెప్పాలి. లోలకాలు, జ్వాలలు, ఒక మామూలు కంప్యూటరు ఉంటే ఈ పాఠానికి కావలసిన ప్రయోగాలన్నీ చేయవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విశ్వవిద్యాలయాల భౌతికశాస్త్ర, ఇంజనీరింగ్ పాఠ్యప్రణాళికలు రాసేవాళ్లు వచ్చే సవరణలో దీనికి ఒక యూనిట్ కేటాయించాలి.